సంతకం పెట్టే ముందు చదువు, బిడ్డా

నల్గొండ,
9 నవంబరు 2025

బిడ్డా,

అమ్మ ఆశీస్సులు. "మన ఇంటికి ఎనభై లక్షలకు ఒక్క రూపాయి తగ్గినా నేను సంతకం పెట్టనమ్మా" అని నువ్వు ఫోను పెట్టేసి నాలుగు రోజులైంది. కోపం రాలేదు నాకు. ఆ మాట అనే హక్కు నీకు ఉంది. ఇల్లు మీ నాన్న స్వార్జితం, ఆయన వీలునామా రాయకుండానే వెళ్లిపోయారు. కాబట్టి నాకు, నీకు, తమ్ముడికి సమానంగా తలా ఒక వాటా. మన బంధువుల్లో ఒక పెద్దాయన "ఆడపిల్ల చేత హక్కు విడుదల పత్రం రాయించుకుంటే పని సులువు కదమ్మా" అన్నారు. ఆ మాట ఇంకోసారి నా ఇంట్లో అనవద్దని చెప్పాను. నువ్వు వాటాదారువి, నీకు లెక్క అప్పజెప్పాల్సిన బాధ్యత నాది. అమ్మ చెప్పిందని సంతకం పెట్టకు. ఇది చదివి, సరే అనిపిస్తే పెట్టు.

బేరం 68 లక్షలకు కుదిరింది. ఎనభై దగ్గర మొదలైన నేను అక్కడికి ఎలా వచ్చానో రాస్తాను.

సంక్రాంతి వెళ్లాక గేటుకు "ఇల్లు అమ్మబడును" అని బోర్డు కట్టించినప్పుడు మన రెండు వీధుల్లో అలాంటి బోర్డులు మూడే. 80 అన్నది తమ్ముడు ఫోనులో ప్రకటనలు చూసి చెప్పిన ధర. అది జనం అడుగుతున్న ధరే గాని ఎవరికీ ముట్టిన ధర కాదని అప్పుడు నాకూ తోచలేదు. మొదటి రెండు వారాల్లో తొమ్మిది కుటుంబాలు వచ్చి చూసి వెళ్లాయి. ఆ తర్వాత గేటు చప్పుడే లేదు. ఉగాదికి బోర్డులు ఏడు అయ్యాయి, ఆషాఢం నాటికి పదకొండు. పిల్లలు హైదరాబాదులో స్థిరపడి అమ్మానాన్నలను తీసుకుపోయిన పాత ఇళ్లు నాలుగు. మిగతావన్నీ వెనక బత్తాయి తోటలో వెంచర్ వేసి కట్టిన కొత్త ఇళ్లు. సెలవుల్లో నువ్వు గౌను నిండా రాలిన కాయలు ఏరుకొచ్చిన తోటే. కట్టినవాళ్లు అప్పు తెచ్చి కట్టారు, నెల తిరిగితే వడ్డీ. వాళ్లు ధర దించుకుంటూ పోతారు. నాకు అప్పు లేదు గనక ఆగగలను అనుకున్నాను.

ఆగినకొద్దీ ఏమైందో తెలుసా? దారిన పోయేవాళ్లు "ఇంకా అమ్ముడుపోలేదా టీచరమ్మా, కాగితాల్లో ఏమైనా చిక్కు ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. నేను 80ని 78 చేశాను, పది రోజులు ఆగి 76 అన్నాను. చిన్న చిన్నగా దించడం పొరపాటైంది. ఇంకో నెల ఓపిక పడితే ఇంకా దిగుతుందని చూసేవాళ్లకు నేనే నేర్పినట్లయింది.

ఈ కాలంలో కొనేవాళ్లు ఆదివారం పూట బ్రోకర్ బండి వెంట ఒకే తిరుగుడులో నాలుగు ఇళ్లు చూసుకుంటారు. ఒక రోజు భార్యాభర్తలు వచ్చారు. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, గ్లాసు నింపి వెలుతురుకు పట్టుకుని "ఇవి కృష్ణా నీళ్లా, బోరు నీళ్లా అమ్మా?" అని అడిగింది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మునిసిపాలిటీ కుళాయి వంటింట్లోకి, బోరు పెరటి మొక్కలకు మాత్రమే అని చెప్పాను. ఆమె ముఖం తేటపడింది. ఈలోగా ఆయన నువ్వు చదువుకున్న చిన్న గదిలో, నీళ్ల ట్యాంకు కింద చెమ్మ పట్టిన చోట బండి తాళంచెవితో మెల్లగా గీకాడు. అరచేయంత గచ్చు పొడిపొడిగా ఊడి ఆయన బూటు మీద పడింది. ఏమీ అనకుండా జేబురుమాలుతో తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం బ్రోకర్ ఫోను చేసి అరవై ఐదు అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ గది గోడలకు క్యూరింగ్ కోసం మీ నాన్న డ్యూటీ నుంచి వచ్చి లాంతరు వెలుగులో నీళ్లు కొట్టిన రోజులు నాకు తెలుసు, ఇల్లు చూడటానికి వచ్చినాయనకు తెలియవు. ఆయనకు తెలియాల్సిన అవసరమూ లేదు.

మర్నాడు నేనే బయలుదేరి, అమ్మకానికి ఉన్న కొత్త ఇళ్లు చూసి వచ్చాను. నా ఇల్లు కూడా అమ్మకానికి ఉందని ముందే చెప్పి చూశాను. 150 గజాల్లో కట్టినది, 72 లక్షలు చెబుతున్నారు. చెట్టు కాదు గదా, తులసి కోటకు కూడా జాగా లేదు. కానీ ప్రతి పడకగదికీ లోపలే బాత్రూం, కారు లోపలికి వచ్చే గేటు, బ్యాంకు అప్పు సిద్ధం. మన ఇంట్లో బాత్రూం పెరట్లో ఉంది, వానాకాలం గొడుగు పట్టుకుని వెళ్లాలి. చిన్నపిల్లలున్న ఒక కోడలు రెండూ చూస్తే ఏది ఎంచుకుంటుందో అక్కడ నిలబడ్డాక నాకు అర్థమైంది.

ఆ తర్వాత లెక్క కట్టాను. ఈ ఏడాది మన లైనులో ఇళ్లు అమ్మినవాళ్లు ఇద్దరు ఉన్నారు. ఒకామె నాతో కలిసి పనిచేసిన టీచరే. ఎంత చెప్పారని కాదు, చేతికి ఎంత వచ్చిందని అడిగాను. ఇద్దరి మాటా కలిపి చూస్తే గజం 22 వేలు. మనది 240 గజాలు, అంటే స్థలానికి 52 లక్షల 80 వేలు. 1998లో కట్టిన ఇల్లు, 27 ఏళ్లు. కట్టడానికి 15 లక్షలకు మించి ఎవరూ ఇవ్వడం లేదు. కొనేవాళ్ల పక్కనుంచి కూడా చూడు. 2021 జూలై దాకా రిజిస్ట్రేషన్ ఖర్చు ఆరు శాతం ఉండేది, అప్పటి నుంచి ఏడున్నర. 68 లక్షల మీద అది 5 లక్షల 10 వేలు. మన చేతికి 68 రావాలంటే వాళ్ల చేతి నుంచి 73 కదలాలి. అప్పిచ్చే బ్యాంకు ఇంజనీరు వచ్చి ఇంటి వయసు చూసి విలువ కడతాడు, మన జ్ఞాపకాలు చూసి కట్టడు.

ఆషాఢంలో ఎలాగూ ఎవరూ కొనరని బోర్డు దించేశాను. ట్యాంకు కింద లీకు బాగు చేయించి, గోడలకు సున్నం, గేటుకు రంగు వేయించాను. మొత్తం 45 వేలు అయింది, రసీదులు ఉంచాను. శ్రావణంలో 70 అని మళ్లీ పెట్టాను. నెలన్నరలో ముగ్గురు గట్టిగా అడిగారు.

ఒక మాట నీకు ఎవరైనా చెప్పకముందే నేనే చెబుతాను. ఆ ముగ్గురిలో ఒకాయన 74 ఇస్తానన్నాడు. అందులో 30 లక్షలు సంచిలో నోట్లు, మిగతాదే కాగితం మీద. తమ్ముడు కాసేపు ఊగాడు. నేను వద్దన్నాను. ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే తీసుకున్నంతా జరిమానాగా కట్టాలి. ఆ మాట అటుంచు. రేపు పుణెలో నువ్వు ఇల్లు కొనుక్కుంటే, ఆ నోట్లు ఎక్కడివని అడిగినవాళ్లకు నువ్వేం చెబుతావు? మీ నాన్న 32 ఏళ్లు జీతం మీద బతికి కట్టిన ఇల్లు. దాని డబ్బు సంచిలో నా గడప దాటకూడదు.

కుదిరిన వాళ్లు ఎవరో కాదు, ఆ గ్లాసు నింపి చూసినావిడే. బయానా 5 లక్షలు బ్యాంకు ద్వారా నా ఖాతాలో వేశారు, నేను ముట్టుకోలేదు. వాళ్ల బ్యాంకు లాయరు ఒక్క పూటలో కాగితాలన్నీ సరే అన్నాడు. మీ నాన్న ట్రంకు పెట్టెలో లింకు డాక్యుమెంట్లు, అంటే మనకంటే ముందు ఈ స్థలం ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు, మొదటి ఏడాది నుంచి ఇంటి పన్ను రసీదులు వరుసగా దారంతో కట్టి ఉన్నాయి. రెండిళ్ల అవతల ఒక లింకు డాక్యుమెంటు పోయి బయానా వెనక్కి ఇచ్చుకున్నారు. మన ఇల్లు పదకొండు బోర్డుల మధ్య అమ్ముడైందంటే ఆ దారపు కట్ట చలవే. నాన్న కష్టానికి విలువ తగ్గిందని నువ్వు ఏడ్చావట, తమ్ముడు చెప్పాడు. ఆ కట్ట విప్పేటప్పుడు నేనూ ఏడ్చాను.

అగ్రిమెంటు మీద నేను, తమ్ముడు సంతకం చేశాం. నీ చోటు ఖాళీగా ఉంది. "నా బిడ్డ వద్దంటే బయానా పూర్తిగా తిరిగి ఇస్తాను" అని వాళ్లకు ముందే చెప్పాను, అదే మాట అగ్రిమెంటులో రాయించాను. వాళ్లు ఒప్పుకున్నారు.

డబ్బు ముగ్గురి ఖాతాల్లో విడివిడిగా పడుతుంది. ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవాళ్లు ఒక శాతం పన్ను కింద ముందే కోసి (దాన్నే టీడీఎస్ అంటారు) మన పాన్ నంబర్ల మీద కడతారు. అది నష్టం కాదు, రిటర్నులో లెక్కకు వస్తుంది. లాభం మీద పన్ను రెండు పద్ధతుల్లో ఏది తక్కువైతే అది కట్టవచ్చని ఆడిటర్ చెప్పారు. రెండేళ్లలోపు ఇల్లు కొంటే పన్నులో మినహాయింపు ఉంటుందట. వచ్చినప్పుడు ఆయన దగ్గరికి తీసుకెళతాను.

నా గురించి దిగులు వద్దు. రామగిరిలో కింది అంతస్తులో రెండు గదులు అద్దెకు చూసుకున్నాను. మెట్లు లేవు, నా పింఛనుకు అద్దె బరువు కాదు. నా మోకాళ్లతో ఈ పెరడు ఊడవడం ఇక నా వల్ల కాదు బిడ్డా. రాత్రి కరెంటు పోతే ఇంత ఇంట్లో ఒక్కదాన్నే లేచి బాత్రూముకు వెళ్లాలంటే భయమేస్తోంది. ఇది ఇంతవరకు నీతో అనలేదు.

నెలాఖరున మూఢం వస్తుందని వాళ్లు 17వ తేదీ, కార్తీక సోమవారం నాడు రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారు. ఒప్పుకుంటే శనివారం రాత్రికల్లా చేరుకో. ఆధార్, పాన్ అసలువి, రెండు ఫొటోలు తెచ్చుకో. ఒప్పుకోకపోయినా రా. ఆదివారం మన ఉసిరి చెట్టు కింద భోజనాలు పెడుతున్నాను. వీధి వాళ్లందరినీ పిలిచాను, కొనేవాళ్లనూ పిలిచాను. చెట్టు కొట్టవద్దని ఆవిడను అడగాలని ఉంది. నువ్వు పక్కన ఉంటే అడుగుతాను.

మీ అమ్మ