ఆ నలుపు కాస్త తగ్గించు చిన్నీ

చిక్కడపల్లి,
ఆదివారం రాత్రి

చిన్నీ,

కోడ్ రాసుకునే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ కోసం నువ్వు తయారుచేసిన రంగుల థీమ్‌ను, అదే కటిక నలుపు మీద తెల్ల అక్షరాలది, నాన్న నిన్న మన డీటీపీ కంప్యూటర్‌లో పెట్టి ఇచ్చారు. ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు కదా, చెబుతున్నాను.

చూడగానే ముచ్చటేసింది. సరేనని గదిలో లైటు ఆర్పి, ఒక పుస్తకం ప్రూఫు అందులోనే దిద్దడానికి కూర్చున్నాను. పది నిమిషాలకే అక్షరాల చుట్టూ తెల్లటి నూగు లేచింది. ‘కి’ అన్నచోట గుడి ఉందో, గుడిదీర్ఘం ఉందో పోల్చుకోలేక రెండుసార్లు తెర దగ్గరకు వంగాను. వత్తులైతే పై అక్షరానికి అతుక్కుపోయాయి. నా కళ్ళకు సిలిండర్ పవరు ఉందని, అంటే కంటి ముందు పొర కాస్త వంకరగా ఉందని నీకు తెలుసు. చుట్టూ చీకటైతే కంటిపాప పెద్దదవుతుంది. అప్పుడు కంటిలోని ఆ వంకర ఇంకా ఎక్కువగా బయటపడి అక్షరం అంచు చెదురుతుంది. కటిక నలుపు మీద తెల్లని తెలుపు అంటే రెంటి మధ్య వెలుగు తేడా 21:1. తెర మీద అంతకు మించిన తేడా ఉండదు. అంత అక్కర్లేదమ్మా. 0 నుంచి 255 దాకా ఉండే రంగుల అంకెల్లో నేపథ్యానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 30 చొప్పున, అక్షరానికి 212 చొప్పున పెట్టి చూడు. అప్పటికీ దాదాపు 11:1 ఉంటుంది. నేను అలా మార్చుకున్నాకే మిగతా ప్రూఫు సాగింది.

కోడ్ మధ్యలో రాసే వివరణల, అదే కామెంట్ల రంగు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. నిండు నీలం నలుపు మీద 2.4:1కి మించదు. మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. 7:1 అయితే ఇంకా మేలు. మన కంటికి వెలుగుగా తోచడంలో ఆకుపచ్చ వాటా 72 శాతం దాకా ఉంటే, నీలానిది 7 శాతమే. అందుకే అది చీకట్లో కలిసిపోతుంది. దాన్ని 130, 170, 255కి తెస్తే నీలంగానే ఉంటూ 7:1 దాటుతుంది. కామెంటు అనేది, తర్వాత వచ్చి చదివేవాళ్ళ కోసం రాసేదని నువ్వే కదా నాకు చెప్పావు. అలాంటి మాటను దాచేయకు.

నాన్న సంగతి కూడా ఆలోచించు. పచ్చిమిరపకాయల్లో పండినవి ఏరమంటే ఆయన చేత్తో ఒత్తి చూస్తారు. నీ థీమ్‌లో తప్పును చూపే ఎరుపు, సరైనదాన్ని చూపే ఆకుపచ్చ ఆయనకు రెండూ మట్టిరంగుగానే కనిపించాయి. తప్పున్న చోట కింద గీత కూడా పెట్టు. ఆయనలాంటి మగవాళ్ళు మీ ఆఫీసులోనూ ఉంటారు.

సాయంత్రానికి కళ్ళు మండుతున్నాయన్నావు. నాకు దిగులుగా ఉంది. తెర వంక చూస్తున్నంతసేపూ రెప్పలు వాల్చడం తగ్గిపోతుంది, కన్ను ఆరిపోతుంది. ఏ థీమూ దాన్ని ఆపలేదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతల ఉన్నదేదైనా 20 సెకన్లు చూడు. మాదాపూర్‌లో నీ సీటు కిటికీ పక్కనే కదా, పగటి వెలుగులో తెల్ల తెర మీద నల్ల అక్షరమే సుఖం. థీమ్‌కు ఒక లేత జతను కూడా తయారుచెయ్యి.

సవరించి పంపు. ఆ ప్రూఫులో ఇంకా 40 పేజీలు ఉన్నాయి, అందులోనే దిద్దుతాను.

అమ్మ