అక్కడ ఏముందని అడిగావ్ కదా నాన్నా

నాన్నా,

మొన్న ఆదివారం ఫోన్లో "అంత దూరం బండేసుకుని వెళ్ళావ్, ఇంతకీ అక్కడ ఏముందమ్మా" అని అడిగావ్, నేను నోరు తెరిచేలోపే అమ్మ ఫోన్ లాక్కుని తిన్నావా, ఎందుకలా చిక్కిపోయావ్, ముఖమేంటి అలా నల్లబడింది అని మొదలుపెట్టింది, ఇక ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఫోన్లో అయితే ఎప్పుడూ సగమే చెప్తాను, అందుకే కూర్చుని రాస్తున్నా. అమ్మకి కూడా చదివి వినిపించు.

ముందు నువ్వడిగిందే చెప్తా. అలాస్కాలో నేను వెళ్ళిన ఆ రోడ్డు చివర చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. డెడ్‌హార్స్ అంటారు, చమురు బావుల్లో పనిచేసేవాళ్ళ కోసం పుట్టిన చోటు, రేకుల షెడ్లు, యంత్రాలు, బురద. సముద్రం ఇంకో ఎనిమిది మైళ్ళు ఉందనగా మామూలు జనం వెళ్ళే రోడ్డు అయిపోతుంది, అక్కడ్నుంచి చమురు కంపెనీల జాగా, మన బండిని పోనివ్వరు, ముందే పేరు ఇచ్చుకుంటే వాళ్ళ వ్యానులో తీసుకెళ్ళి చూపించి వెనక్కి తెస్తారు. నేనూ వెళ్ళా, ఆర్కిటిక్ సముద్రంలో చెయ్యి పెట్టా, పది లెక్కపెట్టేలోపు వేళ్ళు మొద్దుబారిపోయాయి. దానికోసమే అయితే విమానంలో వెళ్ళొచ్చు. నేను వెళ్ళింది ఆ రోడ్డు కోసం నాన్నా.

ఇదంతా జనవరిలో మొదలైంది. సియాటిల్‌లో అప్పుడు రోజూ వాన, ఐదింటికల్లా చీకటి, ఆఫీసు నుంచి రాగానే మ్యాపు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఆ ఐదు నెలల సాయంత్రాలు నాకు ట్రిప్పులో సగం, నిజంగా చెప్తున్నా. అలాస్కాలో డాల్టన్ హైవే అని 414 మైళ్ళ రోడ్డు ఉంది, చమురు పైప్‌లైన్ వెయ్యడానికి సామాను మోసే లారీల కోసం 1974లో 154 రోజుల్లో వేసేశారంట, అక్కడక్కడా తారు ఉంటుంది కానీ ఎక్కువ భాగం కంకరే. ఫెయిర్‌బ్యాంక్స్ దాటాక ఫోన్ సిగ్నల్ మర్చిపోవాల్సిందే. పెట్రోలు యూకాన్ నది దగ్గర ఒకసారి, కోల్డ్‌ఫుట్‌లో ఒకసారి, ఆ తర్వాత డెడ్‌హార్స్ దాకా 240 మైళ్ళు, అంటే 386 కిలోమీటర్లు, ఒక్క బంకు లేదు.

నేను నడిపే డ్యూయల్ స్పోర్ట్ బండి అంటే ఏంటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నంబర్ ప్లేటు, లైట్లు, అద్దాలు అన్నీ ఉండి హైవే మీద నడిపే బండే, కానీ ముందు చక్రం 21 ఇంచులు, షాక్ అబ్జార్బర్లు పొడుగు, ఇంజను కింద బోలెడు ఖాళీ, కాబట్టి తారు అయిపోయి మట్టి వచ్చినా ఆగక్కర్లేదు. తారు మీద పెద్ద టూరింగ్ బండంత సుఖం ఉండదు, అడవిలో డర్ట్ బైక్ అంత చురుగ్గా ఉండదు, రెండిటికీ మధ్యలో ఉంటుంది, నాకు ఆ మధ్యే కావాలి. నాది సుజుకి డీఆర్ 650, ఒకటే సిలిండరు, 644 సీసీ, కార్బురేటర్, రేడియేటర్ లేదు, నీళ్ళ పైపుల గోల లేదు, నువ్వు పక్కన కూర్చుని పది నిమిషాలు చూస్తే మొత్తం అర్థమైపోతుంది. సీటు నా కాళ్ళకి ఎత్తే కానీ కిందకి దించుకునే ఏర్పాటు బండిలోనే ఉంది, దించాక రెండు పాదాల ముందు భాగం నేలకి ఆనుతున్నాయి, కంకర మీద నాకు అది చాలా ధైర్యం.

పెట్రోలు లెక్క మాత్రం నీకు రాయకుండా ఉండలేను. బండితో వచ్చే ట్యాంకు 3.4 గాలన్లు, అంటే 13 లీటర్లు, అది చాలదు. 5.3 గాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు బిగించా. గాలన్‌కి 50 మైళ్ళు వస్తే 265 మైళ్ళు, బానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ బురదా ఎదురుగాలీ కలిసి 45కి పడితే 238, అంటే డెడ్‌హార్స్‌కి రెండు మైళ్ళ ముందు బండి ఆగిపోతుంది. అందుకని ఒక గాలన్ క్యాను వెనక కట్టా. చివరికి ఆ క్యానులో పెట్రోలు వాడాల్సి వచ్చింది కూడా, కోల్డ్‌ఫుట్ తర్వాత వచ్చే అటిగన్ కనుమ దాటాక మొత్తం ఎదురుగాలే.

బరువు ఇంకో పెద్ద పని. మొదటిసారి సామాను సర్దితే 38 కిలోలు వచ్చింది, ఖాళీ పార్కింగ్‌లో బండిని కావాలని పడుకోబెట్టి లేపి చూశా, లేవలేదు. అప్పట్నుంచి వారం వారం ఒక్కో వస్తువు తీసేస్తూ 22కి తెచ్చా. ఇనప పెట్టెలు కాకుండా గుడ్డ సంచులే పెట్టా, పడ్డప్పుడు కాలు పెట్టె కింద ఇరుక్కుంటే విరిగే ప్రమాదం ఉంది. కెనడా వీసా మార్చిలోనే తీసుకున్నా. అమ్మ కోసం శాటిలైట్ మెసెంజర్ కొన్నా, మ్యాపులో కదిలే చుక్కని చూస్తూ రాత్రంతా కూర్చుందని తమ్ముడు చెప్పాడు, అమ్మా, ఆ చుక్క ఆగినప్పుడల్లా నేను టీ పెట్టుకుంటున్నాననే అనుకోవాలి.

జూన్ 8న బయల్దేరా. ఫెయిర్‌బ్యాంక్స్ దాకా దాదాపు 2,200 మైళ్ళు తారు రోడ్డే, తొమ్మిది రోజులు, దాని గురించి ఎక్కువ రాయను, చెట్లు, సరస్సులు, ఎలుగులు, మళ్ళీ చెట్లు. ఒక్కటి చెప్పాలి. వాట్సన్ లేక్ అనే ఊళ్ళో 1942లో అలాస్కా హైవే వేస్తున్నప్పుడు ఇంటి మీద బెంగ పెట్టుకున్న ఒక సైనికుడు వాళ్ళ ఊరి పేరు రాసిన బోర్డు పాతాడంట, తర్వాత వచ్చినవాళ్ళందరూ తలా ఒకటి కొట్టి ఇప్పుడు వేల బోర్డులు, నిజంగానే అడవిలా ఉంది. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఏమీ లేక ఊరికే తిరిగి వచ్చేశా, మనసు ఒప్పలేదు. వచ్చేటప్పుడు ఒక డబ్బా రేకు చదును చేసి, టైరు మీద గుర్తులు పెట్టుకునే పెయింట్ పెన్నుతో మన ఊరి పేరు తెలుగులో రాసి మేకు కొట్టొచ్చా. ఫోటో తమ్ముడికి పంపా, చూడు.

ఇక డాల్టన్. మొదటి గంట భుజాలు బిగబట్టే నడిపా. ముందు చక్రం కంకరలో అటూ ఇటూ ఈదుతూ ఉంటుంది, దాన్ని గట్టిగా పట్టుకుని సరిచేయబోతే ఇంకా ఎక్కువ ఊగుతుంది. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకుని, చేతులు వదులుగా పెట్టి, ముందు బ్రేకు జోలికి పోకుండా, దూరంగా చూస్తూ పోవాలి. నాకు సైకిల్ నేర్పేటప్పుడు నువ్వన్నావే, గుంట వైపు చూడకు, దారి వైపు చూడు అని, ఆ మాట హెల్మెట్ లోపల పైకే అనుకుంటూ వెళ్ళా. టైర్లలో గాలి 24కి తగ్గించాక బండి ఊగడం ఒక్కసారిగా తగ్గిపోయింది.

దుమ్ము లేవకుండా, కంకర గట్టిపడేలా ఆ రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ కలిపి నీళ్ళు కొడతారు. ఎండినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, తడిస్తే సబ్బు రాసినట్టే. మైలు 130 దగ్గర నీళ్ళ లారీ అప్పుడే వెళ్ళిన చోట, అడుగు వేసే వేగంలోనే, వెనక చక్రం పక్కకి జారి బండి పడింది. దెబ్బేమీ తగల్లేదు, క్లచ్ లివర్ కొంచెం వంగింది. వెనకొచ్చిన లారీ డ్రైవర్ దిగి ఒక చెయ్యి వేశాడు, ఏదీ అడగలేదు, బూట్లు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ బురద ఎండితే సిమెంటే, ఆయిల్ కూలర్ రెక్కల్లోంచి రోజూ పళ్ళు తోముకునే బ్రష్షుతో గీకేదాన్ని.

పైప్‌లైన్ నీకు చాలా నచ్చుతుంది నాన్నా. 48 ఇంచుల గొట్టం, మొత్తం 800 మైళ్ళు, రోడ్డు పక్కనే కాళ్ళ మీద నిలబడి వస్తుంది. తిన్నగా కాదు, వంకర్లు వంకర్లుగా వేశారు, ఎండకీ చలికీ సాగి ముడుచుకోవడానికి, భూకంపం వస్తే కదలడానికి చోటు ఉండాలని. కింద నేల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది, కరిగితే స్తంభాలు కుంగిపోతాయి, అందుకని ఆ స్తంభాల్లో అమ్మోనియా పోసిన గొట్టాలు పెట్టి పైన రెక్కలు బిగించారు, చలికాలం నేలలో వేడిని అవే పైకి లాగి గాలికి వదిలేస్తాయి, మోటారు లేదు కరెంటు లేదు. ఒక స్తంభం దగ్గరగా కనిపించే చోట ఆగి అరగంట చూస్తూ నిలబడ్డా.

అటిగన్ కనుమ 4,739 అడుగులు, జూన్ చివర్లో కూడా రెండు పక్కలా మంచే. ఇటు పడ్డ వాన బేరింగ్ సముద్రానికి, అటు పడ్డది ఆర్కిటిక్‌కి. అది దిగాక చెట్టనేదే కనపడలేదు. అక్కడే, మైలు 260 దాటాక, వెనక టైరు మెత్తబడింది.

ఇప్పుడు అమ్మకి మెల్లగా చదువు. భయం వెయ్యలేదు, ఎందుకంటే ఈ పని చలికాలమంతా గ్యారేజీలో చేశా, మొదటిసారి రెండు గంటలు పట్టింది, మే నెలకి నలభై నిమిషాలకి వచ్చా. ఇంజను అడుగు రేకు కింద చదునైన రాళ్ళు పేర్చి చక్రం లేపా. దోమలు, నాన్నా, తలకి వల వేసుకున్నా చేతి తొడుగుకీ చొక్కాకీ మధ్య సందులో దూరిపోతున్నాయి. వాల్వ్ కోర్ తీసి, మడమతో తొక్కి టైరు అంచు రిమ్ము నుంచి విడగొట్టి, టైరు విప్పే లివర్లు వేశా. మూడో లివర్ దగ్గర బిగుసుకుపోయింది. బలం పెట్టబోయి ఆగా. నువ్వు చూపించావు కదా, అవతలి వైపు అంచుని మోకాలితో రిమ్ము మధ్య పల్లంలోకి దించితే ఇవతల వదులవుతుందని, అలా దించగానే వేలితో లాగినట్టు వచ్చేసింది. టైరు లోపల చెయ్యి తిప్పి వెతికితే బొటనవేలి గోరంత రాయి, ఒక అంచు బ్లేడులా ఉంది. కొత్త ట్యూబు ఎక్కించి, బ్యాటరీకి చిన్న పంపు తగిలించి గాలి కొట్టా. యాభై నిమిషాలు. ఈలోపు రెండు లారీలు ఆగి ఏమైనా కావాలా అని అడిగాయి, అక్కర్లేదని చెయ్యి ఊపినప్పుడు ఎంత సంతోషమనిపించిందో నీకే తెలుస్తుంది.

ఆ రాత్రి గాల్‌బ్రెయిత్ లేక్ దగ్గర టెంటు వేశా. రాత్రి అనడమే గానీ ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు దిగడు. ఒంటిగంటకి బయట కూర్చుని పాత ట్యూబుకి ప్యాచ్ వేశా, పూసిన సొల్యూషన్ ఆరేలోపు దానికి నాలుగు దోమలు అంటుకుపోయాయి, గీకి మళ్ళీ పూశా. ఎదురుగా కొండలన్నీ బంగారం రంగులో, గాలి ఆగిపోయింది, ఇంజను చల్లారుతూ టిక్ టిక్‌మంటోంది. అక్కడ ఏముంది అన్నావ్ కదా, నాకు అదే ఉంది నాన్నా.

మొత్తం 5,400 మైళ్ళు తిరిగి జూలై 3న ఇంటికి చేరా. బండి మూడుసార్లు వేడినీళ్ళతో కడిగా, రోడ్డు మీద కొట్టే ఆ కాల్షియం క్లోరైడ్ ఉప్పు ఉంటే ఇనుమంతా తినేస్తుంది, ఇంకా ఎక్కడో సందుల్లోంచి బూడిదరంగు పొడి రాలుతూనే ఉంది. ఒక్క విషయం నువ్వే చెప్పాలి. వెనక స్ప్రాకెట్, అదే చైను తిరిగే పళ్ళచక్రం, దాని పళ్ళు ఒక పక్కకి వంగినట్టు నాకు అనిపిస్తోంది, ఫోటో దగ్గర్నుంచి తీసి పంపుతున్నా, పెద్దది చేసి చూడు. చైను మాత్రం ఇంకా సాగలేదు. స్ప్రాకెట్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా, లేక చైనూ ముందుదీ కలిపి మూడూ మార్చెయ్యనా? ఆదివారం ఫోన్ చేస్తా, ముందు నువ్వే ఎత్తు.

నీ
బుజ్జి