దేవదూత అంటే రెక్కలు కాదు, కబురు

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్ నాటి మీ పేజీలో దేవదూత అంటే ‘రెక్కలున్న స్వర్గవాసి’ అని అర్థం ఇచ్చారు. చదివి బాధేసింది. కొత్త నిబంధన గ్రీకులో ఉన్న మాట ‘అంగెలోస్’. కబురు తెచ్చేవాడని దాని అర్థం. ఆ మాటలో రెక్కల ఊసే లేదు. లూకా సువార్త 7:24లో బాప్తిస్మమిచ్చే యోహాను పంపిన మామూలు మనుషులకూ ఇదే మాట వాడారు. మన తెలుగు బైబిల్లోనూ అక్కడ ‘యోహాను దూతలు’ అనే ఉంది. పాత నిబంధన హీబ్రూలోని ‘మలాఖ్’ అన్నా దూతే.

ఆరేసి రెక్కలున్నది యెషయా గ్రంథం 6లో దేవుని సింహాసనం దగ్గర నిలిచే సెరాపులకు. వాళ్లు వేరు. ‘సువార్త’కు గ్రీకు మూలమైన ‘యువాంగెలియోన్’లోనూ ఈ కబురే ఉంది. ఇంగ్లిష్ ‘ఏంజెల్’ వినగానే ఆ అర్థం తట్టదు, మన ‘దూత’లో మాత్రం పదిలంగా ఉంది. దయచేసి సవరణ వేయండి.

– ఒక పాఠకుడు, గుంటూరు