యుద్ధ డాక్యుమెంటరీలో ఏది జరిగింది, ఏది చేయించి తీసినది?

సంపాదక మహాశయులకు,

మొదటి ప్రపంచ యుద్ధం గురించి తెలుగు వ్యాఖ్యానంతో ఈ మధ్య నేను చూసిన ఒక కార్యక్రమంలో, బ్రిటిష్ సైనికులు కందకం గట్టు ఎక్కుతుండగా ఒకడు వెనక్కి జారిపడి కదలకుండా ఉండిపోయే దృశ్యాన్ని, 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో తీసినదిగా చూపించారు. అది యుద్ధరంగానికి వెనక, శిక్షణ స్థలంలో సైనికులతో చేయించి తీసినదని చరిత్రకారులు తేల్చి చాలా కాలమైంది. ఆ సంగతి తెలియక నేనూ ఏళ్ల తరబడి తరగతిలో దాన్ని నిజమనే చెప్పాను. అందుకే ఈ లేఖ.

ఆ దృశ్యం జెఫ్రీ మాలిన్స్, జాన్ మెక్‌డోవెల్ చిత్రీకరించిన ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సోమ్’ లోనిది. 1916 ఆగస్టులో, పోరు ఇంకా సాగుతుండగానే విడుదలైన ఆ చిత్రానికి బ్రిటన్‌లో ఆరు వారాల్లో సుమారు 2 కోట్ల టికెట్లు అమ్ముడయ్యాయి. దాన్ని కేవలం బూటకమని కొట్టిపారేయడం అన్యాయం. హాథార్న్ గట్టు కింద పేలిన మందుపాతర నిజమైనది, గాయపడినవారి ముఖాలు నిజమైనవి, చనిపోయిన సైనికులను తెరమీద చూపడం ఆనాటికి సాహసమే. అయితే యుద్ధానికి ప్రజల మద్దతు నిలబెట్టాలన్న ప్రభుత్వ ఉద్దేశం దాని వెనక ఉంది కనుక, దాడి ఎలా సాగిందో కళ్లకు కట్టే చిత్రంలో, ఆ ఒక్క తొలిరోజే 19 వేలమందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారన్న సంగతి మాత్రం ప్రేక్షకుడికి ఎక్కడా అందదు. నటింపజేసిన దృశ్యం కన్నా ఈ మౌనమే చరిత్రకు ఎక్కువ చేటు చేసిందని నా అభిప్రాయం.

నిజాన్ని దాచే ఉద్దేశం ఎప్పుడూ దర్శకుడిదే కానక్కర్లేదు. నాజీ నిర్బంధ శిబిరాలపై అలాన్ రెనే తీసిన ‘నైట్ అండ్ ఫాగ్’లో, ఫ్రాన్స్‌లోని ఒక శిబిరానికి కాపలా కాస్తున్న ఫ్రెంచి పోలీసు కనిపించే ఫొటో ఒకటి ఉంది. యూదుల నిర్బంధంలో తమవాళ్ల చేయి ఉందని బయటపడటం ఇష్టంలేని సెన్సారు పట్టుబట్టడంతో, 1956లో, అతను ఫ్రెంచివాడని గుర్తుపట్టించే ఆ పోలీసు టోపీని కప్పేసి చిత్రాన్ని చూపవలసి వచ్చింది. ఒక్క టోపీ మరుగున పడేసరికి ఒక దేశపు బాధ్యతే మరుగున పడింది.

ఇప్పుడు పాత మూకీ దృశ్యాలకు రంగులు, తుపాకుల మోతలు, మాటలు చేర్చడం తేలికైపోయింది. దర్శకుడు పీటర్ జాక్సన్ మొదటి ప్రపంచ యుద్ధంపై తీసిన 2018 నాటి చిత్రంలో సైనికుల పెదవుల కదలికను బట్టి మాటలు కూర్చి, ఆ పని ఎలా చేశారో బాహాటంగా వివరించారు. ఆ వివరణ లేకుండా అవే దృశ్యాలు ముక్కలుముక్కలుగా మన పిల్లల ఫోన్లలోకి వస్తున్నాయి.

కాబట్టి యుద్ధ డాక్యుమెంటరీలు ప్రసారం చేసే తెలుగు ఛానళ్లకు నా విన్నపం ఇది. దృశ్యాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం తీశారో, అది చేయించి తీసినదో కాదో, రంగూ శబ్దమూ తరువాత చేర్చినవో కాదో, ఆ దృశ్యం నడుస్తున్నప్పుడే తెర అడుగున తెలుగులో వేయాలి. చివర్లో పరుగులు తీసే పేర్ల మధ్య వేస్తే ఎవరూ చదవరు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం