మంత్రిగారూ, మా ఊరికి వచ్చినవాళ్లను మగ్గం దాకా రానివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. నేను భూదాన్ పోచంపల్లిలోనే పుట్టాను, ఈ ఊళ్లోనే పెళ్లయింది, పన్నెండో ఏట నుంచి ఆసు పోస్తున్నాను, అంటే నేతకు ముందు దారాన్ని వరసగా తిప్పి పేర్చే పని. మా ఇంటాయన డబుల్ ఇక్కత్ చీరలు, అంటే నిలువు, అడ్డం దారాలు రెండింటికీ ముందే రంగు పట్టించిన చీరలు నేస్తారు. మా అత్తమ్మకు డెబ్బై దాటినా కండెలకు (చిన్న గొట్టాలకు) దారం చుట్టకుండా పొద్దు గడవదు. పోయిన ఆదివారం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పదకొండు గంటలప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కారు దారి తప్పి మా గల్లీలోకి వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. షాపింగ్ అయిపోయింది, తిరిగి వెళ్లిపోతున్నారు. మగ్గం చప్పుడు విని చిన్నమ్మాయి కిటికీలోంచి తొంగి చూసింది. "లోపలికి రా బిడ్డా" అని పిలిచాను. ఐదు నిమిషాలు చూసి పోదామని దిగినవాళ్లు మధ్యాహ్నం రెండు అయ్యేదాకా కదల్లేదు. మా అత్తమ్మ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, సైకిల్ ట్యూబు కోసిన సన్నటి రబ్బరు ముక్కతో దారం మీద చిటికి కట్టడం నేర్పింది. కట్టిన చోట రంగు అంటదు, కట్టని చోట అంటుతుంది, మా విద్యంతా అంతే. పిల్ల నాలుగు చిటికిలు కట్టి, వేళ్లు ఎర్రబడ్డాయని చూపించింది.

అప్పుడు ఆ తల్లి తను కొన్న చీర బయటికి తీసి, ఇదీ మీలాంటివాళ్లు నేసిందేనా అక్కా అని అడిగింది. మడత విప్పి వెనక్కి తిప్పాను. పైన ముదురుగా ఉన్న పువ్వు వెనకవైపు వెలిసినట్టుంది. దారానికే రంగు పట్టించి నేస్తే రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, పువ్వు అంచు గీత గీసినట్టు కాకుండా కొంచెం చెదిరి ఉంటుంది. అది గుడ్డ మీద అచ్చు వేసిన చీర. ఆమె ముఖం చూసి నాకే సిగ్గేసింది, మా ఊరి పేరు చెప్పి అమ్మారు కదా. ఎక్కడ కొన్నారని నేను అడగలేదు. మా మగ్గం మీదున్న చీర చూపించమంది. అది మాకు నూలు ఇచ్చి నేయించే మాస్టర్ వీవర్‌కు ఇవ్వాల్సింది, అమ్మే హక్కు మాకు లేదు. వార్పు (మగ్గం మీది నిలువు దారాలు) చివర మిగిలిన గుడ్డతో కుట్టిన రెండు సంచులు కొనుక్కుని, ఫోన్ నంబరు రాసుకుని వెళ్లింది.

వాళ్లు దారి తప్పకపోయి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. మా ఊరికి వచ్చే చాలామంది దారి తప్పరు సార్. నేరుగా మెయిన్ రోడ్డు షాపుల దగ్గర ఆగి, అక్కడి నుంచే తిరిగి వెళ్లిపోతారు.

మా ఊరికి పేరు తక్కువేం కాదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచుకుంది. ఆ ఏడాది మనదేశం పంపిన మూడు ఊళ్లలో మాదొకటి. 2023 డిసెంబర్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు వచ్చారు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలు కొందరు వచ్చి మగ్గాలు చూశారు. అలా ఎవరైనా పెద్దవాళ్లు వచ్చినప్పుడు వారం రోజులు మా ఊరి పేరు టీవీల్లో మోగుతుంది. నాకూ గర్వంగానే ఉంటుంది. కానీ ఆ పేరు విని వచ్చిన మనిషి ఖర్చుపెట్టే రూపాయి మా గల్లీ దాకా ఎందుకు రావడం లేదన్నదే నా బాధ.

ఆ రూపాయి దారి ఇది. నూలు, పట్టు, రంగులు కొనే పెట్టుబడి మాలాంటి చాలా ఇళ్లలో ఉండదు. మాస్టర్ వీవర్ ఇస్తారు, డిజైనూ వాళ్లదే. చీర దిగాక మాకు మజూరీ, అంటే నేత కూలి వస్తుంది. అది షాపులో ఎంతకు అమ్ముడుపోయినా మా మజూరీ మారదు. పండగ సీజన్లో ఊరినిండా కార్లు నిలిచినా అంతే. నేను మాస్టర్ వీవర్లను తప్పుపట్టడం లేదు, చీరలు అమ్ముడుపోని రోజుల్లోనూ పని ఇచ్చేది వాళ్లే. వానాకాలం గుంట మగ్గంలోకి చెమ్మ దిగి పని ఆగిపోయే రోజులుంటాయి. అప్పుడు చేబదులు ఇచ్చేదీ వాళ్లే. ఇన్నేళ్లుగా ఇంట్లోకి ఇంకో దారిన రూపాయి రాలేదు. పర్యాటకం ఆ రెండో దారి కాగలదు. ఎందుకంటే చీర మాస్టర్ వీవర్‌దే అయినా, దాన్ని నేసే తీరు మాది. దాన్ని చూపించి, నేర్పించి సంపాదించుకోవచ్చు.

చూపించడానికి ఎంత ఉందో ఆసు పోయడం ఒక్కటి చూసినా తెలుస్తుంది. ఒకపక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. వాటి మధ్య దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు. మా అమ్మ రాత్రిళ్లు భుజం పైకి లేపలేక మూలుగుతూ పడుకునేది. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మిగారి కష్టం చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు, ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వల్లే ఈ రోజు నా భుజం పనిచేస్తోంది. మేకుల ఆసు, యంత్రం పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఆ మేకుల మీద పదిసార్లు చెయ్యి తిప్పి చూడమంటే, వచ్చినవాళ్లకు చీర ధర గురించి ఎవరూ వివరించక్కర్లేదు. ఆ తర్వాత కండెల సంగతి ఉంది. రంగు వేసిన పేక (అడ్డం) దారాన్ని వరస తప్పకుండా కండెలకు చుట్టి, అదే వరసలో మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టాలి. ఒక్క కండె వెనకదిముందైతే చీర మీది ఏనుగు బొమ్మ తొండం కాళ్ల దగ్గరికి వస్తుంది.

ఇదంతా చూసిన మనిషి మళ్లీ అచ్చు గుడ్డ కొనదు. ఆదివారం వచ్చిన ఆమె ఇక జన్మలో కొనదు. నకిలీల మీద దాడులు చేయండి, అదీ కావాలి. కానీ కొనేవాళ్లకు చీర వెనక్కి తిప్పి చూడటం నేర్పడం మా ఇంట్లో అరగంట పని.

అందుకే మిమ్మల్ని కోరేది ఇది. ఊళ్లో ఇష్టపడి ముందుకొచ్చిన నేత ఇళ్లను గుర్తించి, సందర్శనకు ఒక రుసుము పెట్టండి. చూసిపోవడానికి ఇంత, కూర్చుని చిటికి కట్టడం నేర్చుకోవడానికి ఇంత అని మున్సిపాలిటీ బోర్డు పెడితే చాలు. బేరం ఉండదు, మొహమాటం ఉండదు. ఇప్పుడు ఎవరైనా వస్తే మేం డబ్బులు అడగలేం, వాళ్లకు ఇవ్వాలనిపించినా ఎలా ఇవ్వాలో తెలియదు. గంటసేపు మగ్గం ఆపి మాట్లాడితే ఆ రోజు పని అంతమేర తగ్గుతుంది. ఆ రుసుము ఇంటికి నేరుగా రావాలి, మధ్యలో ఎవరి చేతా పడకూడదు. ఏ కారు ఏ గల్లీకి వెళ్లాలో డ్రైవర్ కమీషన్ నిర్ణయించకుండా, ఇళ్లకు వంతులు వేయాలి.

మా అత్తమ్మలాంటివాళ్లకు ఇది మరీ అవసరం. ఆమె కాళ్లు ఇక మగ్గం గుంటలో ఆడవు. కానీ ఆదివారం మూడు గంటలు ఆ పిల్లకు కథలు చెప్పింది. చీరాల వైపు నుంచి ఈ పని మా పెద్దల చేతికి ఎలా వచ్చిందో, 1951 ఏప్రిల్ 18న వినోబాభావే వచ్చినప్పుడు భూమిలేని హరిజనులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నిలబడి 100 ఎకరాలు ఇస్తానన్నారని, ఊరి పేరు ముందు భూదాన్ ఎందుకు చేరిందో, అన్నీ. ఆమె మాటకు విలువ కట్టి ఇస్తే ఈ వయసులో తన మందులు తనే కొనుక్కుంటుంది. మా పిల్లలకూ ఇంతే. డిగ్రీ చదివి హైదరాబాద్‌లో పార్సిళ్లు మోస్తున్న కుర్రాళ్లు మా గల్లీలోనే ముగ్గురున్నారు. చిన్నప్పటి నుంచి మగ్గం పక్కన పెరిగినవాళ్లు. వాళ్లకు గైడ్ శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు ఇవ్వండి. ముఖ్యంగా ఆడపిల్లలకు.

ఇంకో మాట, రాయడానికి చిన్నదే కానీ వదల్లేను. వచ్చిన ఆడవాళ్లు మొదట అడిగేది చీర కాదు, బాత్రూం ఎక్కడ అని. మా ఇళ్లలోకి పిలుస్తాం, ఎవరూ కాదనరు. కానీ నాలుగు గంటలు ఉండాల్సినవాళ్లు రెండు గంటల్లో బయల్దేరడానికి సగం కారణం అదే. గల్లీల దగ్గర రెండు చోట్ల శుభ్రమైన మరుగుదొడ్లు కట్టి, నడపడం మహిళా సంఘాలకు ఇవ్వండి. ఆ రెండు గంటలు మిగిలితే భోజనం మా ఊళ్లోనే చేస్తారు.

రాత్రి ఉండేలా చేయగలిగితే మరీ మేలు. హైదరాబాద్‌కు మేం గంటన్నర దూరంలోనే ఉండటం వరమే, శాపం కూడా. సాయంత్రానికి ఇల్లు చేరగలిగినవాళ్లు ఇక్కడ ఎందుకు ఆగుతారు? మా జిల్లాలోనే యాదగిరిగుట్ట ఉంది, వేల మంది వస్తారు. భువనగిరి కోట ఉంది, కొలనుపాక జైన మందిరం ఉంది. పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు, దాని దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి తయారుచేస్తారు. దానికీ 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీటన్నిటినీ కలిపి శని, ఆదివారాల్లో ఒక బస్సు, రాత్రికి పోచంపల్లి ఇళ్లలో బస అని పెడితే, గుట్టకు వచ్చిన భక్తుల్లో వందకు ఇద్దరు ఆగినా మాకు చాలు. మా నూటొక్క తలుపుల ఇంటిని చూసినవాళ్లు పాత ఇళ్లంటే ఎంత ముచ్చటపడతారో మాకు తెలుసు. పాత పెంకుటిళ్లను కూలగొట్టకుండా బాగు చేసుకోవడానికి చిన్న అప్పులు ఇప్పిస్తే బస ఏర్పాట్లు మేం చూసుకుంటాం. బయటివాళ్లు వచ్చి రిసార్టు కట్టి, మాలో నలుగురిని కూర్చోబెట్టి మగ్గం ఆడించే పరిస్థితి మాత్రం రానివ్వకండి.

ఒక విన్నపంతో ముగిస్తాను. మీరు స్వయంగా రండి. పెద్దవాళ్లు వచ్చే రోజున ముందే గల్లీలు ఊడ్పించి, మాకు మంచి చీరలు కట్టుకోమని చెప్పి, కొన్ని మగ్గాలు ఆపిస్తారు. అలా కాకుండా మామూలు మంగళవారమో బుధవారమో, ఒక్క కారులో రండి. మా గల్లీలో రెండో కారు పట్టదు. పది గంటలకు వస్తే ఆ వేళకు మా ఇంటాయన మగ్గం మీద ఉంటారు, అత్తమ్మ కండెల దగ్గర ఉంటుంది. మిమ్మల్ని పలకరిస్తారు గానీ పని ఆపరు. చిటికి కట్టడానికి రబ్బరు ముక్కలు నేను కోసి ఉంచుతాను.

ఇట్లు,
ఒక చేనేత ఇంటి కోడలు,
భూదాన్ పోచంపల్లి, యాదాద్రి భువనగిరి జిల్లా