రెండో యావజ్జీవం ఎక్కడ మొదలవుతుంది మామా?

ఒరేయ్ మామా,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఎంతైనా తిట్టుకో. పడతాను. పంతులుగారి గొంతుతో మాత్రం తిట్టకు, నవ్వాగదు. ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. ఇంటద్దె పెంచారు. స్కూటర్ అమ్మేశాను, ఏడవకు. ఇక అసలు సంగతికొస్తాను, ఇవాళ కోర్టులో జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా సీనియర్ లాయరు దగ్గర ఒక ముద్దాయి ఉన్నాడు. ఇదివరకే హత్య కేసులో యావజ్జీవం పడినవాడు. తల్లికి ఆపరేషన్ అని పెరోల్ మీద వచ్చాడు. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి పెదనాన్న కొడుకుని పొడిచాడు. పొడిచింది 2024 జూన్ 30 రాత్రి. దెబ్బ తిన్నవాడు ఆసుపత్రిలో జులై 3న పోయాడు. ఈ రెండు తేదీలూ గుర్తుపెట్టుకో.

పెరోల్ వెంటనే రద్దయింది. కేసు తేలేదాకా ఆగుతారనుకుంటావేమో, ఆగరు. అది ప్రభుత్వం, జైలు వాళ్లు చూసుకునే వ్యవహారం. పెరోల్ మీద బయట తిరిగిన రోజులు శిక్ష లెక్కలోకి రావు కూడా. కొత్త కేసులో బెయిల్ దాదాపు కల్ల, వచ్చినా పాత శిక్షకి లోపలే ఉండాలిగా! ఇవన్నీ ఒక ఎత్తు, పెరోల్‌కి పూచీ పడిన ముద్దాయి అన్న పరిస్థితి ఒక ఎత్తు. బాండు సొమ్ము కట్టమని అతనికి నోటీసు వచ్చింది. ఇవాళ వరండాలో ఆ కాగితాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టి నా చేతికిచ్చాడు. "తమ్ముడని సంతకం పెట్టానండీ, పోయినోడూ నాకు తమ్ముడే" అన్నాడు. ఏం చెప్పమంటావు... సరే, వదిలెయ్.

నేరం రుజువైంది, ఇవాళ శిక్ష మీద వాదనలు. నీకో సంగతి తెలుసా, రుజువయ్యేదాకా "వీడు ముందే ఒకణ్ణి చంపాడు, కాబట్టి ఇదీ వీడి పనే" అనడానికి లేదు. శిక్ష దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ పాత కేసే ముందు నిలబడుతుంది.

పీపీ గారు, అదే ప్రభుత్వం తరఫు లాయరు (మన డబుల్ బెల్లు గుర్తుందా, అచ్చం ఆ గొంతే), లేచి ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, 104వ సెక్షన్ చదివారు. యావజ్జీవం అనుభవిస్తున్నవాడు హత్య చేస్తే ఉరి, లేదంటే ఆఖరి శ్వాస దాకా జైలు. మూడో దారి లేదు. మా సీనియర్ నెమ్మదిగా లేచి, ఆ చట్టం 2024 జులై 1 నుంచి కదా అమల్లోకి వచ్చింది అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది రా! ఫైలు మోసింది నేనే, ఆ పాయింటు వేస్తాడని నాకూ చెప్పలేదు ముసలాయన.

"చావకుండా హత్య ఎక్కడిది? పోయింది జులై 3న" అని పీపీ గారు. "చేసిన పని జూన్ 30దే. ఆ పని చేసిన నాటి చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ శిక్ష వెయ్యకూడదని రాజ్యాంగం 20(1) అధికరణ చెబుతోంది" అని మావాడు. నన్నడిగితే మావాడిదే సబబు. జులై 1 వచ్చేసరికి వీడు పోలీసుల దగ్గరున్నాడు, కొత్తగా చేసిందేముంది?

పాత చట్టం ఐపీసీలో ఇలాంటివాళ్లకి 303వ సెక్షన్ ఉండేది. ఉరి తప్ప ఇంకోటి వెయ్యడానికి జడ్జికి వీల్లేదు. 1983లో మిఠ్ఠూ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. యావజ్జీవం హత్యకే పడాలని లేదు, ఫోర్జరీకీ పడొచ్చు, జడ్జి నోరు కట్టేసి ఉరి వెయ్యమనడం అన్యాయం అని. కాబట్టి పాత చట్టం ప్రకారమైతే హత్యకి మామూలు 302వ సెక్షనే. ఉరి, లేదా యావజ్జీవం.

అప్పుడు జడ్జిగారు కళ్లజోడు తీసి, "మళ్లీ యావజ్జీవమే వేస్తే పాతదాంతో కలిసే నడుస్తుంది. మరి ఈ ప్రాణానికి శిక్ష ఎక్కడుంది?" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. పోయినవాడి భార్య నా వెనక బెంచీలోనే ఉంది, తిరిగి చూడలేకపోయాను.

సీనియర్ దగ్గర జవాబుంది. చండీగఢ్ కేసు, 1991. అచ్చం ఇదే, పెరోల్ మీద వచ్చి హత్య. రెండు యావజ్జీవాలూ కలిసే నడుస్తాయి గానీ, మొదటిదాంట్లో ప్రభుత్వం రెమిషన్, అంటే శిక్ష తగ్గింపు, ఇచ్చినంత మాత్రాన రెండోది తగ్గదు అంది సుప్రీంకోర్టు. అంటే పాత కేసులో వదిలేసినా రెండోది పట్టుకునే ఉంటుంది. అది విని పీపీ గారు ఏదో అనబోయి, కాగితాలు తిరగేసి, కూర్చున్నారు. వెనక బెంచీలో ఆవిడకి మాత్రం ఇదంతా ఏం అర్థమై ఉంటుందో.

జడ్జిగారు ఉత్తర్వు గురువారానికి వాయిదా వేశారు. ఉరి అంటే మళ్లీ హైకోర్టు ఖాయపరచాలి, ఆ కథ వేరే. నువ్వైతే ఏ తేదీ పట్టుకుంటావో రాయి, నీ తిక్క లాజిక్ చూడాలని ఉంది. ఇంకా ఆ బోనులో వాడు ఎలా నిలబడ్డాడో చెప్పాలి, ఎస్కార్ట్ కానిస్టేబుల్ వాడితో ఏమన్నాడో... అబ్బా, గుమాస్తా పిలుస్తున్నాడు, వకాలత్‌లు కావాలట. పోస్టులో వేసేస్తున్నా.

నీ
గొట్టంగాడు