క్యాంపస్ పోలీసుతో పరిచయం ముందే కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ విమానాశ్రయం అమెరికా చదువులకు వెళ్లే పిల్లలతో, సాగనంపే కుటుంబాలతో నిండిపోతుంది. వీసా కాగితాల నుంచి పచ్చళ్ల బరువు దాకా అన్నీ చెప్పి పంపే మనం అక్కడి క్యాంపస్ పోలీసుల గురించి మాత్రం ఒక్క మాటా చెప్పం. చేరిన వారంలోనే మా అమ్మాయి ఫోన్ చేసి, హాస్టల్‌కు వచ్చిన పోలీసు అధికారి తన నంబరు ఇచ్చి వెళ్లాడని చెబితే, 'నువ్వేం చేశావమ్మా?' అని కంగారుపడిన తండ్రిని నేను.

అక్కడ చాలా విశ్వవిద్యాలయాలకు అరెస్టు అధికారంతో సహా సొంత పోలీసు విభాగాలున్నాయి. విద్యార్థులకూ ఊరివాళ్లకూ పడని రోజుల్లో, 1894లో, యేల్ విశ్వవిద్యాలయం న్యూహేవెన్ నగర పోలీసుల్లోంచి ఇద్దరిని తెచ్చుకోవడంతో ఈ ఏర్పాటు మొదలైంది. మా అమ్మాయికి నంబరిచ్చిన అధికారి పనిలో కేసుల కంటే పరిచయాలే ఎక్కువట: హాస్టళ్లలో కూర్చుని కబుర్లు చెప్పడం, ఆత్మరక్షణ నేర్పించడం, శనివారాలు చుట్టుపక్కల బడి పిల్లలతో బాస్కెట్‌బాల్ ఆడుతూ వాళ్ల చదువు సంగతులు కనుక్కోవడం.

ఈ పరిచయం విలువ మన పిల్లలకు మరీ ఎక్కువ. వలస విభాగం అధికారులమని ఫోన్‌లో బెదిరించి, గిఫ్ట్ కార్డులు కొనిపించి డబ్బు గుంజే మోసగాళ్లకు పెట్టుబడి పోలీసంటే మనకున్న భయమే. అలాంటి ఫోన్ వచ్చినప్పుడు, ముఖపరిచయం ఉన్న ఒక అధికారిని 'ఇది నిజమేనా?' అని అడగగలిగితే చాలా ఇళ్లలో అప్పు చేసి పంపిన డాలర్లు మిగులుతాయి.

అయితే అందరినీ ఒకే గాటన కట్టి నమ్మమనడం లేదు. ఫ్లోరిడాలోని కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పోలీసులు వలస చట్టాల అమలులో పాలుపంచుకునేందుకు 2025లో కేంద్ర సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. అటువంటి చోట విదేశీ విద్యార్థి జంకితే తప్పు పట్టలేం. అందుకే చేరబోయే క్యాంపస్ సంగతి ముందే తెలుసుకోవాలి. 1986లో లీహై విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని హత్యకు గురయ్యాక, ఆమె తల్లిదండ్రుల పోరాటంతో 1990లో వచ్చిన చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయాలు గత మూడేళ్ల నేరాల లెక్కలను ఏటా అక్టోబరు 1లోగా బయటపెట్టాలి. ర్యాంకులు చూసే తల్లిదండ్రుల్లో ఆ నివేదిక తెరిచేవాళ్లెందరో!

అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఒక్కో విద్యార్థికి రూ.20 లక్షల వరకు ఇస్తున్న తెలంగాణ ప్రభుత్వం, ప్రయాణానికి ముందు అరగంట ఈ విషయాలు చెప్పించే ఏర్పాటు చేయాలని, ఫీజులు వసూలు చేసే కన్సల్టెన్సీలకూ దాన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

— ఒక విద్యార్థిని తండ్రి, వరంగల్